సింకు కింద చెమ్మ: మూడు నీళ్లలో ఏ నీళ్లు?

ఈ నెల సంచిలో కారవాన్ ఉత్తరాలే ఎక్కువగా ఉన్నాయి. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఈ చక్రాల గదిని ఇండియాలో చూడని పాఠకుల కోసం రెండు ముక్కలు. లోపల మంచాలు, స్టవ్వు, సింకు, చిన్న బాత్రూమ్ ఉంటాయి. బ్రిటన్‌లో వాడే వాటిలో చాలావాటికి లోపల మంచినీళ్ల ట్యాంకు ఉండదు. నలభై లీటర్ల దొర్లించే పీపా ఒకటి బయట పెట్టి, అందులోకి 12 వోల్టుల చిన్న పంపు దింపుతారు. వాడిన నీళ్లు ఇంకో పైపులోంచి బయటున్న వేరే డబ్బాలోకి పోతాయి. ఏ లీకు గురించి మాట్లాడాలన్నా ముందు ఇంతవరకు తెలిస్తే చాలు.

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్తే. మేం లెస్టర్‌లో ఉంటాం. పన్నెండేళ్ల పాత కారవాన్, నలుగురు పడుకునేది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఈస్టర్ సెలవులకి లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లినప్పుడు సింకు కింద అలమరలో కుక్కర్ తీస్తే అడుగంతా తడి. కుడివైపు మూల ప్లైవుడ్డు ఉబ్బింది, ముక్కిన వాసన. మావారు కిటికీలోంచి వాన అన్నారు. మాకు అమ్మినాయన కండెన్సేషన్, మామూలేనన్నాడు. మావారు సింకు చుట్టూ సిలికాన్ పూశారు, ఒక పైపు జాయింటుకి ఇండియా నుంచి తెచ్చిన ఎం-సీల్ కూడా పెట్టారు. అయినా ఆగలేదు. రోజూ ఉండదు. అన్నం వార్చిన రోజు, ఎక్కువ గిన్నెలు కడిగిన రోజు బాగా తెలుస్తుంది. ఒక్కోసారి రాత్రి ఏమీ వాడకపోయినా పొద్దున్నే తడి ఉంటోంది. నేల మెత్తబడుతుందేమోనని ఒకటే టెన్షన్. ఆగస్టులో వేల్స్ వెళ్లాలి. ఏం చేయమంటారు?

— ఒక సోదరి, లెస్టర్

జవాబు: అమ్మా, ముందు ఆ సిలికాన్ ట్యూబు మీవారి చేతికి అందని చోట పెట్టండి. ఆయన్ని తప్పు పట్టడం లేదు, తడి కనిపిస్తే ఏదో ఒకటి పూయాలనిపించడం సహజం. కానీ ఏ నీళ్లో తేలకముందు పూస్తే, లీకు ఆగకపోగా దాని జాడ చెరిగిపోతుంది.

కారవాన్ కిచెన్‌లోకి నీళ్లు మూడు దారుల్లో వస్తాయి: పంపు తోసే మంచినీళ్లు, సింకులోంచి దిగే మురికినీళ్లు, బయటి వాన. కండెన్సేషన్, అంటే గాల్లో తేమ చల్లటిచోట నీరుగా పట్టడం, నాలుగోది అనుకోవచ్చు గానీ, అది పైపు పొడవునా, గోడ నిండా సన్నటి చెమటలా పడుతుంది. ఒక్క మూలనే ప్లైవుడ్డు ఉబ్బేలా చేయడం దానివల్ల అయ్యే పని కాదు. మీకు అమ్మినాయన మాట అక్కడితో వదిలేయండి.

తడి ఎక్కడుందన్నది పెద్దగా నమ్మొద్దు. నీళ్లు పైపు వెంట పాకి, బల్ల కింద అంచు పట్టుకుని, వాలు ఎటుంటే అటు పోతాయి. కారవాన్ ముందు చక్రాన్ని కాస్త దించితే మీ కుడి మూల తడి రేపు ఎడమ మూలకి మారొచ్చు. తడి ఎప్పుడొస్తుందన్నదే అసలు విషయం. అది మీ ఉత్తరంలో దాదాపు మీరే చెప్పేశారు. వాన పడినప్పుడు అని మీరు రాయలేదు. పక్కన బాత్రూమ్‌లో ఎవరైనా ట్యాప్ తిప్పినప్పుడనీ రాయలేదు. "అన్నం వార్చిన రోజు" అన్నారు. నేను అక్కడే ఆగాను.

మరిగే గంజి సింకులో వంచుతున్నారా?

ఇంట్లో సింకు కింది పైపు మందంగా ఉంటుంది కాబట్టి ఓర్చుకుంటుంది. కారవాన్‌లో చాలాచోట్ల మడతలు మడతలుగా ఉండే పల్చటి ప్లాస్టిక్ గొట్టాన్ని సింకు కింది మూతికి తొడిగి, ఒక క్లిప్పుతో బిగిస్తారు. కుతకుతలాడే నీళ్లు తగిలినప్పుడల్లా ఆ గొట్టం చివర మెత్తబడి కొంచెం సాగుతుంది. చల్లారాక మళ్లీ ముందున్నంత బిగువుగా పట్టదు. ఇంగ్లీషు వాళ్లు పాస్తా వార్చినా ఇదే గతి. మనం అన్నం వారుస్తాం, బంగాళాదుంపలు ఉడికించి వంచుతాం, బిర్యానీకి బియ్యం సగం ఉడికించి వడగడతాం. మన వంటకి ఆ గొట్టం పని కాస్త ఎక్కువే.

పొద్దున్నే తడి ఉండటానికి కూడా దీంట్లోనే సమాధానం ఉండొచ్చు. ఈ గొట్టాలకి కింద ఆసరా లేకపోతే మధ్యలో వేలాడి జోలెలా దిగుతాయి. ఆ దిగినచోట నీళ్లు, మెతుకులు, చింతపండు పిప్పి, నూనె జిడ్డు నిలుస్తాయి. ఆ నీళ్లు రాత్రంతా వదులు జాయింటు గుండా బొట్టు బొట్టుగా జారతాయి. ముక్కిన వాసన కూడా మంచినీళ్ల లీకు కంటే మురికినీళ్ల లీకుకే ఎక్కువ నప్పుతుంది. వేలితో ఆ తడి తాకి చూడండి, జిడ్డుగా ఉందా?

ఇది నా అనుమానమే, మీ అలమర నేను చూడలేదు. కాబట్టి పరీక్ష చేయాల్సిందే. వాన లేని శనివారం ఒకటి దీనికి కేటాయించండి.

అలమర ఖాళీ చేయండి. అడుగు పలక ఊడివచ్చేదైతే అదీ తీసేయండి. పొడి గుడ్డతో అంతా తుడిచి, ప్రతి జాయింటు కింద కిచెన్ రోల్ ముక్క ఒకటి పరవండి. నీళ్లు ముట్టుకునేముందు 230 వోల్టుల కరెంటు కేబుల్ పీకేయండి. పంపు బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి పరీక్షకి మెయిన్స్ అక్కర్లేదు. కిచెన్ కింద గ్యాస్ రాగి పైపు పోతూ ఉంటే దాన్ని కదపొద్దు, దానిమీద మోచెయ్యి ఆనించొద్దు.

మొదట మంచినీళ్ల వైపు. సింకులో ఒక్క చుక్క పోయకుండా బాత్రూమ్‌లో చల్లనీళ్ల ట్యాప్ తిప్పండి. పూర్తిగా కాదు, పంపు మోగేంత, నీళ్లు సన్నగా పడేంత. పంపు తోస్తుంటే దారి సన్నగా ఉంటే పైపులన్నిట్లో ఒత్తిడి పెరుగుతుంది, కిచెన్ పైపుల్లో కూడా. ఇంకొకరు టార్చి పట్టుకుని సింకు కింద చూడాలి. తర్వాత ఇలాగే వేడినీళ్ల వైపు. వేడి చల్లన రెండూ కలిపి చేస్తే ఏది కారిందో తెలియదు. కాగితం తడిస్తే లీకు ఒత్తిడి వైపు ఉన్నట్టు. కొన్ని కారవాన్లలో ట్యాప్ లోపల చిన్న స్విచ్చు ఉండి పంపుని నడిపిస్తుంది, కొన్నిట్లో ఒత్తిడి తగ్గితే దానంతటదే మోగుతుంది. మీది రెండో రకమైతే ఇంకో ఆనవాలు దొరుకుతుంది: అన్ని ట్యాపులూ కట్టేసి కూర్చున్నా పంపు మధ్యమధ్యలో ఒక్క క్షణం "గుర్" మంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఒక్కోసారి ఒత్తిడి స్విచ్చు సర్దుబాటు సరిగా లేకపోయినా అలా మోగుతుంది, కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పొద్దు.

ఆ కాగితాలు పొడిగా ఉంటే మురికినీళ్ల వైపు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ట్యాప్ తిప్పి సన్నగా నీళ్లు వదిలి "ఏం కారట్లేదే" అంటారు. సన్నటి ధార గొట్టం అడుగునే జారిపోతుంది, జాయింటు పైభాగాన్ని తాకను కూడా తాకదు. సింకుకి బిరడా పెట్టి గోరువెచ్చటి నీళ్లు అంచుదాకా నింపండి. పావుగంట ఆగండి. అప్పుడే చెమర్చితే సింకుకీ జల్లెడకీ మధ్య వాషర్ పోయింది. ఆ తర్వాత బిరడా ఒక్కసారి లాగేయండి, నీళ్లన్నీ ఒక్కసారే దిగాలి. అప్పుడు కారితే గొట్టం జాయింటు. కారిన నీళ్లు సింకువేనని ఖాయం చేసుకోవాలంటే నింపేటప్పుడు బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు చల్లార్చి కొంచెం కలపండి, కాగితం మీద రంగు దిగుతుంది. పసుపు మాత్రం కలపొద్దు. కారవాన్ ప్లాస్టిక్‌కి పసుపు అంటితే అమ్మేదాకా పోదు.

ఇవి రెండూ పొడిగా తేలితేనే వాన సంగతి చూడాలి. చెంబుతోనో సన్నటి పైపుతోనో బయటి గోడమీద కింది నుంచి పైకి తడుపుతూ రండి. ముందు నీళ్ల పైపు తగిలించే చోటు, తర్వాత ఫ్రిజ్ వెంట్లు, తర్వాత కిటికీ. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసిపోయి ఎక్కడినుంచి దిగిందో తెలియదు.

ఇక బాగుచేయడం. గొట్టమే అయితే పని చిన్నదే. క్లిప్పు వదులు చేసి గొట్టం లాగేయండి. కింద గిన్నె పెట్టుకోండి, లోపల నిలిచినది వాసనేస్తుంది. మెత్తబడిన చివర పొడవు సరిపోతే రెండు మూడు సెంటీమీటర్లు కోసి మళ్లీ తొడగొచ్చు. నన్నడిగితే అన్నేళ్ల గొట్టం మార్చేయడమే మేలు. పాత ముక్క ఒకటి కోసి షాపుకి తీసుకెళ్లండి, సైజు నోటితో చెప్తే తప్పు వస్తుంది. కొత్త గొట్టం ఎక్కకపోతే చివరను క్షణంపాటు వేడినీళ్లలో ముంచండి, సులువుగా ఎక్కుతుంది. ఏ వేడైతే చెడగొట్టిందో అదే ఇక్కడ పనికొస్తుంది. క్లిప్పు స్క్రూ డ్రైవర్‌తో చేతి బిగువుకి బిగించండి, పళ్లు కొరుక్కుని బిగిస్తే ప్లాస్టిక్ మూతి చిట్లుతుంది. గొట్టం ఎక్కడా వేలాడకుండా అడుగడుక్కీ పట్టీలు కొట్టి, సింకు నుంచి బయటిదాకా వాలు ఒకే తీరున దిగేలా చూడండి. బయట మురికినీళ్ల డబ్బా నిండినా, పైపు చివర నీళ్లలో మునిగినా నీళ్లు వెనక్కి తంతాయి. అదీ ఒకసారి చూసుకోండి.

ఎం-సీల్ పెట్టిన జాయింటు సంగతి. ఎం-సీల్ మంచిదే, ఇనప ట్యాంకుకి, సిమెంటు తొట్టికి. కారవాన్‌లో మంచినీళ్ల పైపులు జారుడు ప్లాస్టిక్, దానిమీద అది పట్టదు. పైగా బండి రోడ్డుమీద ఊగుతుంది, పైపు కదులుతుంది, ఎండిన ముద్ద కదలదు. ఇవాళ కారకపోయినా రేపు కారుతుంది. ఆ ముద్దని గోకుతూ కూర్చోకండి. పంపు ఆపి, ట్యాపులు తెరిచి ఒత్తిడి తీసేసి, రెండువైపులా పైపు కోసి ఆ ముక్కే తీసేయండి. పోయినంత మేర కొత్త పైపు ముక్క, అటొకటి ఇటొకటి నొక్కి బిగించే కనెక్టర్లు. ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్తాను, ఎందుకంటే ఈ పని చేశాక నాకు మళ్లీ ఉత్తరం రాసేవాళ్లంతా వీటిలో ఏదో ఒకటి మరిచినవాళ్లే. బ్రిటన్‌లో ఇంటి పైపులు 15 మిల్లీమీటర్లు, కారవాన్‌వి సాధారణంగా 12. ఇంట్లో మిగిలిన కనెక్టర్ పనికిరాదు. రంపంతో కోయొద్దు, పైపు కట్టర్‌తో నిటారుగా కోయాలి. వంకర అంచో, గరుకు నూగో ఉంటే లోపలున్న రబ్బరు ఉంగరం తెగుతుంది. కోసిన చివర బయటివైపు గీతలుంటే ఇంకో రెండు సెంటీమీటర్లు కోసేయండి. పైపు కనెక్టర్‌లో ఎంతదూరం వెళ్లాలో ముందే పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ గీత దాకా తోసి, తర్వాత వెనక్కి ఒకసారి లాగి చూడండి. ఊడి రాకపోతే పట్టినట్టే.

నేల గురించి మీ టెన్షన్ సబబే. కారవాన్ నేలంటే పైనా కిందా పల్చటి ప్లైవుడ్డు, మధ్యలో నురుగు పలక, అన్నీ జిగురుతో అతికించినవి. నీళ్లు నానితే జిగురు విడుతుంది. సింకు ముందు నిలబడి మడమతో నొక్కండి. కిర్రుమన్నా, దిగి మళ్లీ పైకి లేచినా విడిపోయినట్టు. దానికి రంధ్రాలు వేసి రెసిన్ అనే గట్టిపడే జిగురు ఎక్కించే పద్ధతి ఉంది, అది తెలిసినవాళ్లకి వదిలేయండి. గట్టిగానే ఉంటే ఆరబెట్టడమే వైద్యం. అడుగు పలక తీసి, అలమర తలుపు తెరిచి, గాల్లో తేమ లాగే డీహ్యుమిడిఫైయర్ పెట్టండి. ఒకరోజులో ఆరదు, వారాలు పడుతుంది. తేమ కొలిచే చిన్న డ్యాంప్ మీటర్ కొని అదేచోట గుచ్చుతూ అంకె రాసుకోండి. 15 శాతం లోపు ఉంటే ఫర్వాలేదు. 15 నుంచి 20 మధ్య ఉంటే గమనిస్తూ ఉండాలి. 20 దాటితే ఎక్కడో నీళ్లు ఇంకా వస్తున్నాయని వెతకాలి. 30 దాటితే కలప పాడవుతోందని అనుమానించాలి. ఒక్క అంకె కంటే అది వారం వారం దిగుతోందా లేదా అన్నది చూడండి. లీకు నిజంగా ఆగిందో లేదో అదే చెప్తుంది.

మీకు చేయాలనిపించకపోతే, బ్రిటన్‌లో అప్రూవ్డ్ వర్క్‌షాప్ స్కీమ్‌లో (కారవాన్లు బాగుచేసేవాళ్లకి గుర్తింపునిచ్చే పథకం) ఉన్న మెకానిక్‌ని పిలవండి. కొందరు ఇంటికే వస్తారు. కొత్త కారవాన్ ఉన్న మిగతా పాఠకులకి ఒక మాట: బాడీకి ఇచ్చే నీళ్ల వారంటీ సాధారణంగా బయటినుంచి వచ్చే వానకే, లోపలి ప్లంబింగ్ లీకుకి కాదు. అందుకే ఏ నీళ్లో తేల్చుకోకుండా ఫోన్ చేస్తే రెండువైపులా తిప్పుతారు.

ఇక గంజి. వార్చొద్దని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. ఒక స్టీలు బకెట్‌లో వంచి, చల్లారాక క్యాంప్ సైట్‌లో మురికినీళ్లు పారబోసే చోట పోయండి. గడ్డిమీద పోస్తే వార్డెన్ వస్తాడు. లేదంటే ఆ నాలుగు రోజులూ కుక్కర్‌లో అత్తెసరు పెట్టేయండి.

ప్రశ్న: వాటర్ హీటర్ వేసినప్పుడల్లా కారవాన్ కింద చుక్క చుక్క నీళ్లు పడుతున్నాయి. లోపల అంతా పొడి. లీకేనా?

— మిల్టన్ కీన్స్ నుంచి ఒకరు

జవాబు: వేడెక్కేటప్పుడు మాత్రమే పడి, కాగాక ఆగిపోతే కంగారు లేదు. కాగుతున్న నీళ్లు వ్యాకోచిస్తాయి, ఎక్కువైన ఒత్తిడిని సేఫ్టీ వాల్వు బయటికి వదులుతుంది. దాన్ని మూసే ప్రయత్నం ఎప్పుడూ చేయొద్దు. హీటర్ ఆపేసినా రోజంతా పడుతుంటే వాల్వులో నలకో సున్నమో ఇరుక్కుంది. చల్లారాక మీట రెండుసార్లు తెరిచి మూయండి. ఆగకపోతే వాల్వు మార్పించాలి.

ప్రశ్న: బాబాయ్‌గారూ, మేం అబర్డీన్‌లో ఉంటాం. నవంబరులో కారవాన్ కవర్ కప్పి పక్కన పెట్టాం. పీపా ఖాళీ చేసే పెట్టాం. మార్చిలో పంపు వేస్తే కిచెన్ ట్యాప్ మొదట్లోంచి నీళ్లు చిమ్మాయి. వాడకుండానే ఎలా పాడైంది?

— రమారమి కొత్త కారవాన్ యజమాని

జవాబు: వాడలేదు కాబట్టే, నాయనా. పీపా ఖాళీ చేశారు గానీ పైపుల్లో, హీటర్‌లో, ట్యాప్ పొట్టలో నీళ్లు అలాగే ఉన్నాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి. పైపు కాస్త సాగి తట్టుకుంటుంది. ట్యాప్ లోపలి గుళిక (కార్ట్రిడ్జ్), ఫిల్టర్ డబ్బా లాంటి గట్టి ప్లాస్టిక్ ముక్కలు సాగలేవు, పగులుతాయి. పగులు మంచు కరిగేదాకా బయటపడదు, అందుకే మార్చిలో తెలిసింది.

ట్యాప్ లోపలి గుళిక విడిగా దొరికితే అదొక్కటే మార్చండి. బాడీ పగిలితే ట్యాపంతా మార్చాల్సిందే. ట్యాప్ లోపల స్విచ్చు ఉంటే రెండు సన్నటి వైర్లుంటాయి, కొత్తదీ అదే రకం తీసుకోవాలి, ఇంటి ట్యాప్ పెడితే పంపు మోగదు. మార్చాక సంబరపడి వెళ్లిపోకండి. ఒకచోట పగిలిందంటే ఇంకోచోట కూడా పగిలి ఉండే అవకాశం ఉంది. పై సోదరికి చెప్పిన కిచెన్ రోల్ పరీక్ష షవర్ వెనక, హీటర్ దగ్గర, పంపు తగిలించే చోట కూడా చేయండి.

వచ్చే చలికి ముందు హీటర్ ఆపి, నీళ్లు చల్లారనిచ్చి, దాన్ని ఖాళీ చేసే మీట తెరవండి. ట్యాపులన్నీ తెరిచి పెట్టండి. ఒకే పిడి ఉన్న ట్యాప్ అయితే పిడి మధ్యలో ఉండాలి. ఒకవైపు తిప్పి ఉంచితే రెండోవైపు పైపులో నీళ్లు అలాగే నిలబడతాయి. షవర్ తల తీసి, కాళ్ల కిందుండే షవర్ తొట్టిలో పడేయండి. పంపు చేరే చోట ఫిల్టర్ ఉంటే తీసి ఇంట్లో పెట్టుకోండి. వసంతందాకా ట్యాపులు తెరిచే ఉండనివ్వండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక టెంపో ట్రావెలర్‌ని కారవాన్‌గా మార్పించుకున్నాం. చిన్న కిచెన్, పైన ట్యాంకు, పంపు. అరకు వెళ్లొచ్చిన ప్రతిసారీ సింకు కింద ఏదో ఒక జాయింటు కారుతోంది. అతికించిన చోటే మళ్లీ విరుగుతోంది.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీకు చేసిచ్చినాయన ఇంటికి వేసే సీపీవీసీ పైపు వేసి, సొల్యూషన్‌తో అతికించి ఉంటాడు. గోడలో కదలకుండా ఉన్నంతకాలం అది బాగుంటుంది. బండిలో ఆ పైపుకి వంగే గుణం లేదు, అరకు ఘాట్ కుదుపులన్నీ జాయింటు మెడ మీదే పడతాయి. మళ్లీ మళ్లీ అతికించి డబ్బు తగలేయకండి. పంపు నుంచి సింకు దాకా లోపల దారం అల్లిక ఉన్న మెత్తటి హోస్ వేయించండి, తాగే నీళ్లకి పనికొచ్చే రకం అని అడిగి తీసుకోండి. చివర్లకి స్టెయిన్‌లెస్ క్లిప్పులు. గట్టి పైపు ఉంచాల్సిన చోట కూడా పంపుకి ముందూ వెనకా జానెడు మెత్తటి ముక్క తప్పనిసరి, లేకపోతే పంపు అదురు పైపంతా పాకుతుంది. హోస్ రేకు అంచుని ఒరుసుకునే చోట రబ్బరు తొడుగు వేయించండి. తర్వాతి ప్రయాణంలో మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత ఏ టిఫిన్ దగ్గరో ఆగినప్పుడు క్లిప్పులన్నీ ఒకసారి బిగించండి, కొత్త హోస్ కాస్త నలిగి వదులవుతుంది. మీ ట్యాంకు పైనుంది కాబట్టి బండి దిగేముందు పంపు స్విచ్ ఆపితే చాలదు, ట్యాంకు కింద వాల్వు కూడా కట్టండి. పంపు ఆగినా ఎత్తు నుంచి నీళ్లు వాటంతటవే దిగొచ్చు.